హ్యాండిల్ మీద తువాలు

సూరిబాబు బాబాయి బాత్రూం గట్టు మీద జారిపడి కాలు విరగ్గొట్టుకున్నారని అంబాజీపేట నుంచి కబురు వచ్చింది. విన్నవాళ్ళకు ముందు నవ్వొచ్చింది, ఆ తరువాత జాలేసింది. ముప్పై ఏళ్ళకు పైగా గాలిలోనూ వానలోనూ కరెంటు స్తంభాలెక్కిన మనిషి జానెడు గట్టు మీంచి పడ్డారు. నాకు మాత్రం భయం వేసింది. ఆయనకు ఎనభై దగ్గర పడ్డాయి. నా చిన్నతనంలో ఒక మధ్యాహ్నం నా చేతుల మీదుగా ఆయన ప్రాణం పోవలసింది. ఆ తప్పు మా నాన్న తన మీద వేసుకున్నారు. నాన్న పోయేదాకా అది నాన్న పేరు మీదే ఉంది. చేసింది నేనని బాబాయికి ఒక్కసారైనా చెప్పాలని పెళ్ళయినప్పుడు అనుకున్నాను, పిల్లలు పుట్టాక అనుకున్నాను, నాన్న పోయినప్పుడు గట్టిగా అనుకున్నాను. ప్రతిసారీ నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఈసారి ఆగకూడదనుకుని, మర్నాడే బయలుదేరతానని కోడలితో చెప్పేశాను.

నాకు చదువు ఆలస్యంగా వచ్చింది. మనవరాలు రెండో తరగతిలో ఉన్నప్పుడు దాని పక్కన కూర్చుని, అది దిద్దినవే నేనూ దిద్ది నేర్చుకున్నాను. ఇంత రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది. కానీ కరెంటు గురించి నాకు అక్షరాల కంటే ముందే తెలుసు. నేను పుట్టి పెరిగింది రాజోలు దగ్గర ఒక చిన్న సబ్‌స్టేషన్ వెనక, రెండు గదుల పెంకుటింట్లో. నాన్న అక్కడ హెల్పరు. ఆయన పేరు వెంకన్న. సంతకం తప్ప మరో అక్షరం రాదు.

ఆ ఇంటి వాసన ఇప్పటికీ చెప్పగలను. పెద్ద ట్రాన్స్‌ఫార్మరులో కాగిన నూనె వాసన, యార్డులో పరిచిన కంకర మీద వాన పడితే లేచే వాసన, బ్యాటరీల గదిలోంచి వచ్చే పుల్లటి ఆసిడ్ ఘాటు, వీటన్నిటి మీదా అమ్మ పొయ్యిలో కొబ్బరి డొక్క పొగ. ఆ బ్యాటరీల గది పక్కనుంచి వెళ్ళేటప్పుడు అమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకునేది. ఒక చుక్క పడితే నేతచీరకు చిల్లే. ట్రాన్స్‌ఫార్మరు పగలూ రాత్రీ ఒకే శ్రుతిలో మూలుగుతూ ఉండేది. మాకు అది వినిపించేది కాదు. ఆగిపోతే మాత్రం నిద్రలోంచి కూడా లేచి కూర్చునేవాళ్ళం. దానికి ఒక పక్కన గాజు సీసా ఉండేది, అందులో నీలం గింజలు. గాలిలో చెమ్మ తాగి తాగి అవి గులాబి రంగుకు తిరిగితే నాన్న బయటికి తీసి పెనం మీద వేయించి, మళ్ళీ నీలం చేసి పోసేవారు. అప్పడాలు వేయించే పెనం అడిగారని అమ్మ ఒకసారి రెండు రోజులు నాన్నతో మాట్లాడలేదు.

కరెంటు ఎక్కడినుంచి వస్తుందని నేను అడిగితే నాన్న కాలువ చూపించి చెప్పేవారు. ఎక్కడో సీలేరు కొండల్లో నీళ్ళు పైనుంచి దూకి ఇనప చక్రాన్ని తిప్పుతాయి, ఆ తిప్పుడులో కరెంటు పుడుతుంది, పుట్టినది పుట్టినట్టే పరుగెత్తుకొస్తుంది, దాచుకోవడానికి గాదె లేదు అనేవారు. అంత దూరం తీగల మీద రావడానికి దాని ఒత్తిడి ఎందుకు పెంచుతారో అంబాజీపేట లారీలు చూపించి చెప్పారు. "కాయలు డొక్కతో ఎత్తితే లారీ నిండిపోద్ది, సరుకు మాత్రం కూసింతే ఎల్తది. డొక్కొలిచి, ఎండబెట్టి కురిడీ చేసి ఎత్తేవనుకో, అదే లారీలో దానికి నాలుగింతల సరుకు. వోల్టులు పెంచడమంటే అంతేనే. తీగ మీద మోత తగ్గుద్ది, తీగ కాలదు, దార్లో పోయేది తక్కువ." ఇక్కడికి వచ్చాక ముప్పై మూడు వేల వోల్టులను పదకొండు వేలకు దించుతారు, ఊళ్ళో స్తంభం దగ్గర చిన్న ట్రాన్స్‌ఫార్మరు ఇంకా దించి ఇంటికి పంపుతుంది. లాకుల దగ్గర నీటిమట్టం దించి పడవను కింది కాలువలోకి వదలడం చూసిన పిల్లను, నాకు ఇది అర్థం కావడం కష్టం కాలేదు.

ఎండాకాలంలో నాకు ఒక పని ఉండేది. యార్డు అంచున ఎర్తు గోతులు ఉండేవి. గోతిలో ఇనప గొట్టం, చుట్టూ ఉప్పూ బొగ్గూ. ఆ మట్టి తడిగా ఉంటేనే తప్పుదోవ పట్టిన కరెంటు భూమిలోకి తొందరగా దిగిపోతుంది. రోజుకు గోతికి ఒక బిందె నీళ్ళు పోయాలి. కంచె లోపలికి పోకుండా బయటి వాటికి మాత్రం నేను పోసేదాన్ని. కొత్త ఉప్పు బస్తా వచ్చిన రోజున అమ్మ నాన్నతో బేరం పెట్టేది. "భూదేవికెందుకండీ అంతుప్పు? మన కొబ్బరి మొక్క మొదట్లో రెండు దోసిళ్ళెయ్యండి, పిందె నిలుస్తది." నాన్న పట్టించుకునేవారు కాదు. అయినా మా మొక్క చుట్టూ అప్పుడప్పుడు తెల్లగా మెరిసేది, ఎలా వచ్చిందో ఎవరూ అడిగేవారు కాదు.

సూరిబాబు బాబాయి మాకు చుట్టం కాదు. లైన్‌మన్. అప్పటికి పెళ్ళి కాలేదు, ఒంటరిగా అద్దె గదిలో ఉండేవారు. మధ్యాహ్నం ఆ దరిన పని పడితే మా ఇంట్లోనే భోజనం. నాన్నను అన్నయ్య అని, అమ్మను వదిన అని పిలిచేవారు. నన్ను అమ్మడూ అనేవారు. ఆయన తువాలు చెమటకు అట్ట కట్టి ఉంటే అమ్మ చూడలేకపోయేది. "అబ్బాయ్, దాన్నటు పడెయ్, సోడాలో వేస్తాను. ఆ కంపుతో నీకు పిల్లనెవరిస్తారు?" అనేది. ఆయన నవ్వుతూ విసిరేవారు. అలా వారానికి ఒకటి రెండుసార్లు ఆయన తువాలు మా బట్టలతో కలిసి ఉడికి, మా దండెం మీదే ఆరేది.

ఆయనకు ఒక అలవాటు ఉండేది, మిగతా లైన్‌మన్లు దాన్ని చూసి నవ్వేవారు. స్తంభం ఎక్కే ముందే ఒక గొలుసు కొసను కింద నేలలో దిగ్గొట్టిన ఊచకు బిగించి, ఎక్కాక దాని రెండో కొసనున్న కర్ర పిడుల ఇనప కొక్కేలు మూడింటినీ మూడు తీగలకూ తగిలించేవారు. ఆ తరువాతే తీగ మీద చెయ్యి వేసేవారు. పొరపాటున ఎవరైనా కరెంటు వదిలినా అది మనిషిలోకి రాకుండా గొలుసులోంచి భూమిలోకి పోతుందని. ఆ సరంజామా అంతా సైకిలు వెనక కట్టుకుని మోసుకెళ్ళాలి. "పెళ్ళికూతురికి నగలెట్టినట్టు లైనుకి గొలుసులెడతాడ్రా ఈడు," "పిరికి సూరిబాబు" అని ఏడిపించేవారు. "ఆయ్, పిరికోణ్ణేనండి. పెళ్ళి కావలసినోణ్ణి," అని బాబాయి అనేవారు.

ఇక తువాలు సంగతి. లైను మీద పని చేయాలంటే ముందు సబ్‌స్టేషన్‌లో 'లైన్ క్లియర్' తీసుకోవాలి. అంటే ఆ ఊళ్ళ వైపు వెళ్ళే కరెంటును ఇక్కడ బ్రేకరు దగ్గర ఆపి, యార్డులో పెద్ద స్విచ్చి కూడా విప్పి, నువ్వు వచ్చి పని అయిందని చెప్పేదాకా కరెంటు వదిలేది లేదని మాట ఇవ్వడం. దానికి పుస్తకం ఉంది, రేకు బోర్డు ఉంది. పుస్తకం ఒక్కోసారి తీరిక చూసుకుని రాసేవారు. బోర్డు వారాల తరబడి అక్కడే వేలాడి దుమ్ము పట్టి, దాన్ని చూసి ఎవరూ నమ్మడం మానేశారు. పైగా నాన్న దాన్ని చదవలేరు. అందుకని అక్కడి వాళ్ళు తమలో తాము ఒక పద్ధతి పెట్టుకున్నారు. లైన్ క్లియర్ తీసుకున్న లైన్‌మన్ తన తువాలును ఆ బ్రేకరు హ్యాండిల్‌కు కట్టి వెళ్ళాలి. తిరిగి వచ్చి తన చేత్తో తనే తీసుకోవాలి. మా వైపు మగవాడు చొక్కా లేకుండా ఇంటికి వెళ్తాడేమో గానీ భుజం మీద తువాలు లేకుండా వెళ్ళడు. కాబట్టి తువాలు ఉందంటే మనిషి ఇంకా స్తంభం మీద ఉన్నట్టు. తువాలు లేదంటే దిగి వెళ్ళిపోయినట్టు. చదువు రానివాడికి కూడా తెలిసే లెక్క. ఎన్నో ఏళ్ళు ఆ లెక్క తప్పలేదట.

అది జరిగిన రోజుకు ముందు రాత్రంతా పెద్ద గాలి. కొబ్బరి మట్టలు విరిగి తీగల మీద పడ్డాయి. పొద్దున్నే బాబాయి లైన్ క్లియర్ తీసుకుని, తువాలు కట్టి వెళ్ళారు. అమ్మ పెరట్లో బట్టలు ఉడకేస్తోంది. నాన్నకు టీ ఇచ్చి రమ్మని నన్ను పంపింది. నాకు అప్పుడు తొమ్మిదేళ్ళు ఉంటాయేమో. కంట్రోలు గదిలోకి పిల్లలు వెళ్ళకూడదు, గుమ్మం దగ్గర గ్లాసు పెట్టి రావాలి. నాన్న బ్యాటరీల గదిలో ఉన్నారు. ఆపరేటరు గారు ఫోనులో గట్టిగా అరుస్తున్నారు, ఏ ఊరికి ఎప్పుడొస్తుందో చెబుతున్నారు. గుమ్మంలోంచి చూస్తే మొదటి హ్యాండిల్‌కు బాబాయి తువాలు. బురద, చెమట, మట్టల పొట్టు. పెరట్లో ఉడుకుతున్న గంగాళం గుర్తొచ్చింది. ఆ హ్యాండిళ్ళు ముట్టుకుంటే చచ్చిపోతావని నాకు వందసార్లు చెప్పారు. నేను హ్యాండిల్ ముట్టుకోలేదు; తువాలు అక్కడెందుకు కట్టారో మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు. ముడి విప్పి, తువాలు ఒక్కటే లాగి పట్టుకొచ్చాను. అమ్మ నా చేతిలోంచి తీసుకుని, ఎక్కడిదని అడగకుండానే గంగాళంలో వేసింది. అడగడానికేముంది, ఎప్పుడూ వచ్చేదే కదా. బాబాయి వచ్చేసరికి తెల్లగా ఆరి ఉంటుందని, చూసి మురిసిపోతారని నేను అనుకున్నాను.

మధ్యాహ్నం ఆపరేటర్ల డ్యూటీ మారింది. పాతాయన హడావుడిలో పుస్తకం రాయలేదు, కొత్తాయన అడగలేదు. ఊళ్ళనుంచి ఫోన్లు ఆగడం లేదు. కొత్తాయన నాన్నను పిలిచి, "వెంకన్నా, సూరిబాబు వచ్చెళ్ళేడా?" అన్నారు. నాన్న బోసిగా ఉన్న హ్యాండిల్ చూశారు.

"తువాలు లేదండి. పట్టుకెల్లిపోయుంటాడండి."

"అయితే స్విచ్చెయ్. వదిలేద్దాం."

నాన్న యార్డులోకి వెళ్ళి, తన రెండు చేతులతో స్విచ్చి వేశారు. ఆపరేటరు గారు లోపల బ్రేకరు వేశారు. వేసిన మరుక్షణం ధబ్బుమని దాని నూనె తొట్టె అదిరి బ్రేకరు ట్రిప్ అయింది. నేను పెరట్లో ఉన్నాను, నా కాళ్ళ కింద నేల కూడా అదిరింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇంట్లో ఫ్యూజు తీగ ఒకసారి కాలితే పోయినట్టే, కొత్తది వేయాలి. బ్రేకరు అలా కాదు, తలుపు లాంటిది. లైనులో తేడా వస్తే దానంతటదే తెరుచుకుంటుంది, మనం మళ్ళీ వేయవచ్చు. కొబ్బరి చెట్ల దేశంలో బ్రేకరు పడిపోతే అందరికీ తట్టేది ఒకటే, ఎక్కడో మట్ట ఆనుకుంది. ఇంకోసారి వేస్తే మట్ట కాలి ఊడిపడిపోతుంది, లైను నిలబడుతుంది. రెండోసారి వేయడం అప్పట్లో మామూలు. ఆపరేటరు గారు రెండోసారి వేయడానికి హ్యాండిల్ పట్టుకున్నారు.

యార్డులోంచి తిరిగి వస్తున్న నాన్నకు అప్పుడే మా పెరడు కనిపించింది. దండెం మీద నీళ్ళోడుతూ సూరిబాబు తువాలు. నాన్న అరిచిన అరుపు నేను అంతకు ముందు వినలేదు, ఆ తరువాతా వినలేదు. "వెయ్యకండి బాబో! మనిషున్నాడు! మనిషున్నాడండీ!" అంటూ కంకర మీద ఉత్తకాళ్ళతో పరుగెత్తి, లోపలికి వెళ్ళి ఆపరేటరు గారి చెయ్యి పట్టుకున్నారు.

ఆ తరువాత గంటసేపు మాకు ఏమీ తెలియదు. ఆపరేటరు గారు సైకిలు మీద ఒక మనిషిని పంపారు. అమ్మ గుమ్మంలో కూర్చుని గంగాళం వైపు చూస్తోంది. పొయ్యిలో డొక్క కాలి బూడిదైపోయినా లేవలేదు. నేను తలుపు వెనక నిలబడ్డాను. నాన్న గేటు దగ్గర రోడ్డు చూస్తూ నిలబడ్డారు, అరికాళ్ళనుంచి రక్తం కారుతున్నా ఆయనకు తెలియలేదు.

బాబాయి తన సైకిలు తనే తొక్కుకుంటూ వచ్చారు. ఆ మూడు కొక్కేలూ తీగలకు ఉన్నాయి కాబట్టి బతికారు. వదిలిన కరెంటు మనిషి దాకా రాకుండా గొలుసులోంచి పోయింది, బ్రేకరు అది పసిగట్టి రెప్పపాటులో తెరుచుకుంది. తీగలు ఎగిరిపడ్డాయట, కళ్ళ ముందు తెల్లటి మంట లేచిందట, నడుం బెల్టు ఉండబట్టి పడిపోలేదట. ఆయన వచ్చి అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగారు. సగం తాగి, మిగతా సగం మొహాన చల్లుకున్నారు.

"తువాలెవరు తీసేరన్నయ్యా?" అన్నారు.

అమ్మ నోరు తెరిచింది. నాన్న ఆమె వైపు చూడకుండానే, "నేనే తీసేను సూరిబాబూ. మురిగ్గా ఉందని, వదినకిద్దామని తీసేను. మర్చిపోయేను," అన్నారు.

మర్నాడు ఇంజినీరు గారు వచ్చారు. అందరినీ అడిగి రాసుకున్నారు. కొత్తాయనను, పాతాయనను గట్టిగా తిట్టారు. నాన్నను ఇక కంట్రోలు గదిలోకి అడుగు పెట్టవద్దన్నారు. ఉద్యోగం పోలేదు, అదే గొప్ప అన్నారు అందరూ. అప్పటినుంచి రిటైరయ్యేదాకా నాన్న గేటు పని, గడ్డి పీకే పని, గోతులకు నీళ్ళు పోసే పని చేశారు. బ్రేకరు ఎలా నడుస్తుందో కొత్త ఆపరేటర్లకు గుమ్మం బయట నిలబడే చెప్పేవారు. తువాళ్ళ పద్ధతి ఆ రోజుతో పోయింది. పుస్తకంలో ఇద్దరూ సంతకం పెట్టందే ఎవరూ స్తంభం ఎక్కకూడదన్నారు.

నాన్న నన్ను కొట్టలేదు, ఒక్క మాట అనలేదు. మర్నాడు సాయంత్రం బిందె ఇచ్చి, "రావే, నీళ్ళు పోద్దాం," అన్నారు. గోతి దగ్గర కూర్చోబెట్టి ఏది ప్రాణం ఉన్న తీగ, ఏది లేని తీగ, ఆపిన తీగను కూడా ఎందుకు నమ్మకూడదు, లైనులో తేడా పసిగట్టి బ్రేకరును తెరిపించే రిలే అంటే ఏమిటి, అది చూసే చూపేమిటి, అన్నీ చెప్పారు. అలా చాలా నెలలు చెప్పారు. నేను ఏడిస్తే, "నువ్వు పోసిన నీళ్ళు కూడా వాణ్ణి కాపాడేయే. నేల తడిగా ఉంది కాబట్టే కరెంటు అంత తొందరగా దిగింది," అన్నారు. చాలా ఏళ్ళు అది నమ్మి బతికాను.

అనుకున్నట్టే మర్నాడు అంబాజీపేట వెళ్తూ దారిలో ఆ సబ్‌స్టేషన్ దగ్గర బస్సు దిగాను. మా పెంకుటిల్లు లేదు. లోపల ఒక అమ్మాయి ఇంజినీరు ఉంది, మా పెద్ద మనవరాలి వయసుంటుంది. నేను ఎవరి కూతురినో చెబితే కుర్చీ వేసి కూర్చోబెట్టింది. ఇప్పుడు నూనె తొట్టెలు లేవు, బ్రేకరు పడితే చిటికె వేసినంత చప్పుడు. లైన్ క్లియర్ ఫోనులో నంబరు వస్తేనే. పని చేసే మనిషి తన తాళం తనే వేసుకుని, తాళంచెవి జేబులో పెట్టుకుని వెళ్తాడు. గోడ మీద అక్షరాలు నేనే కూడబలుక్కుని చదివాను, ఆ అమ్మాయి తొందరపెట్టలేదు. మాటల్లో నా నీళ్ళ సంగతి అడిగాను. ఆ అమ్మాయి, "మూడు తీగలూ కొక్కేలతో కలిసిపోయేయి కదండి, నీళ్ళు లేకపోయినా షార్టయి బ్రేకర్ పడేదండి," అంది. నాన్న నా కోసం కొంచెం కలిపి చెప్పారన్నమాట. నాకు బాధ కలగలేదు. బడి మొహం చూడని మనిషి, ఏడుస్తున్న పిల్లకు సరిపడా అబద్ధాన్ని అంత నిజాల మధ్యలో ఎలా పొదిగి పెట్టారా అనిపించింది. ఇప్పటి పద్ధతి మంచిది, ఏ పిల్లా విప్పలేనిది. కానీ ఆ పాత పద్ధతిలో ఒకరి ప్రాణం ఇంకొకరికి కంటికి కనిపిస్తూ ఉండేది. రెండూ చూశాను కాబట్టి రెండిటికీ దణ్ణం పెట్టుకున్నాను.

సూరిబాబు బాబాయి మంచం మీద కాలు చాచుకుని ఉన్నారు, పిండికట్టు మోకాలి దాకా. ఆయన కోడలు టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. ఇంకో నిమిషం ఆగితే మళ్ళీ చెప్పలేనని తెలుసు.

"బాబాయ్, ఆ రోజు తువాలు తీసింది నాన్న కాదు. నేను."

"ఆయ్," అన్నారు ఆయన.

"ఆయ్ ఏంటి బాబాయ్?"

"తెలుసమ్మడూ."

"ఎవరు చెప్పేరు?"

"ఒకరు చెప్పాలేంటి? మీ నాన్నకి తన తువాలు తను తడుపుకోడమే రాదు. పదేళ్ళు మీ ఇంట్లో అన్నం తిన్నాను, ఒక్కనాడు గుడ్డ ఉతకడం చూడలేదు. నా తువాలు ఉతుకుదామని తీసేడంటే నమ్మడానికి నేనేవన్నా కొత్తోణ్ణా? ఆ ఇంజినీరు గారు కూడా నమ్మలేదు. మీ నాన్న మొహం చూసి రాసేసుకున్నారంతే."

ఆయన దిండు సర్దుకుని, పైకి చూస్తూ చెప్పారు.

"ఆ వారమే మీ నాన్న నా గదికొచ్చేడు, కాళ్ళకి కట్లతోటి కుంటుకుంటా. సూరిబాబూ, నీ ప్రాణంతో చెలగాటమైపోయింది, నన్ను కొట్టాలంటే కొట్టు, పిల్లని మాత్రం అడక్కు అన్నాడు. పెద్దయ్యేక అదే చెప్తది, అప్పుడు తిట్టాలనుంటే తిట్టు, అప్పటిదాకా నువ్వు జాగర్తగా స్తంభాలెక్కు అన్నాడు. సరేనన్నాను. ఇన్నేళ్ళా అమ్మడూ! నేను ఆ బాత్రూంలోనే పోయుంటే మీ నాన్నకెళ్ళి ఏం చెప్పేవోణ్ణి?"

"తిట్టు బాబాయ్," అన్నాను.

"తిడదామనే ఉండేది. ఏవిటనుకున్నానో మర్చిపోయేను," అని నవ్వారు. నవ్వితే కాలు నొప్పి పుట్టి, రెండు చేతులతో పిండికట్టు పట్టుకున్నారు. ఆయన కోడలు టీ తెచ్చి నా పక్కన పెట్టింది. "పోన్లే. ఎలాగూ నీ కంటే ముందెళ్ళేవోణ్ణి నేనే కదా. చెప్పిందన్నయ్యా అని మీ నాన్నతో నేను చెప్తాన్లే. టీ తాగు, చల్లారిపోద్ది."